వాడిన వంటనూనె బయోడీజిల్: యూరప్ ఆడిట్‌పై సందేహం, తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. థీసిస్ కోసం యూరోపియన్ యూనియన్ బయోఫ్యూయల్ నిబంధనలు చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

2018 నాటి పునరుత్పాదక ఇంధన డైరెక్టివ్ (సభ్యదేశాలు పాటించాల్సిన ఈయూ చట్టం) ప్రకారం, రవాణా రంగంలో వాడే ఇంధనంలో ఆహార పంటలతో చేసినదాన్ని గరిష్ఠంగా 7 శాతం వరకే పునరుత్పాదక లక్ష్యంలో లెక్కించుకోవచ్చు. అడవులు పోతున్నాయని పామాయిల్ ఇంధనాన్ని ఆ లక్ష్యంలో లెక్కించడాన్ని 2030 నాటికి సున్నా చేయాలన్నారు. ఇది సబబే. కానీ వాడిన వంటనూనెతో చేసిన ఇంధనాన్ని 1.7 శాతం పరిమితిలో రెట్టింపుగా లెక్కించుకోవచ్చు. నా టెన్షన్ ఇక్కడే. తాజా పామాయిల్‌నే వాడిన నూనె అని రాసి పంపితే పట్టుకునేది ఎవరు? ఐఎస్‌సీసీ (అంతర్జాతీయ సుస్థిరత ధ్రువీకరణ సంస్థ) లాంటి స్వచ్ఛంద పథకాల కింద ప్రైవేటు ఆడిటర్లే సర్టిఫికెట్ ఇస్తారు. పైగా మాస్ బ్యాలెన్స్ పద్ధతిలో సరుకులు కలిసిపోవచ్చు, కాగితం మీద పరిమాణాలు సరిపోతే చాలు. అడవిని కాపాడాలని పెట్టిన నియమమే పామాయిల్‌కి దొడ్డిదారి అయితే ఎంత అన్యాయం!

ఈ రంగంలో, ముఖ్యంగా ఆడిట్‌లో పనిచేసేవారు ఎవరైనా ఉన్నారా? నూనె సేకరించిన హోటళ్ల దాకా వెళ్లి నిజంగా చూస్తారా? కొత్త నూనెనూ వాడిన నూనెనూ ల్యాబ్ పరీక్షతో కచ్చితంగా వేరు చేయగలరా? ఇంధన సరుకుల జాడ తెలుసుకోవడానికి యూరోపియన్ కమిషన్ తెచ్చిన యూనియన్ డేటాబేస్‌లో సరుకు వివరాలు ఏ దశ నుంచి నమోదు చేయాలి? ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసినా దయచేసి చెప్పండి.