గంటలు కాదు, చేసిందే మళ్ళీ చేయడం చంపేస్తోంది... మీ ఆఫీసుల్లోనూ ఇంతేనా?

గీతలరాత:
ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లో నాలుగేళ్ళు. ఈమధ్య ఆదివారం సాయంత్రమైతే చాలు గుండెల్లో దడ. కాలేజీలో జ్యూరీకి (మన డిజైన్‌ని టీచర్లు చూసి మార్కులేసే రోజు) ముందు ఎన్ని రాత్రులు మేలుకోలేదు, అప్పుడు ఇలా లేదు. మొన్న క్లయింట్ టాయిలెట్ ఓ 300 మిల్లీమీటర్లు జరపమన్నాడు, వినడానికి చిన్నదే, కానీ దాంతో పైపులు దిగే షాఫ్ట్ జరిగింది, షాఫ్ట్ జరిగితే అన్ని ఫ్లోర్లలో దానికోసం స్లాబ్‌లో వదిలే కటౌట్ మారింది, అది పోయి బీమ్ మీద పడింది, స్ట్రక్చరల్ వాళ్ళు కుదరదన్నారు, తిప్పలు పడి 11 షీట్లు మార్చి, మారిన చోట్ల చుట్టూ రివిజన్ క్లౌడ్లు గీసి పంపితే శుక్రవారం రాత్రి మెసేజ్ "పాతదే బాగుందండి" అని. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. తప్పు నాలోనే ఉందా?

పాతటేబుల్:
మీలో ఏం లేదండి. పని బరువు ఎక్కువ, దానిమీద మన చేతిలో ఉండే నిర్ణయం తక్కువ, ఈ రెండూ కలిసినచోట ఒత్తిడి ఎక్కువని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పాడు. మన పని అచ్చం అదే కదా. క్లయింట్ మనసు మార్చుకుంటాడు, కన్సల్టెంట్ డ్రాయింగ్ లేటు చేస్తాడు, అప్రూవల్ ఎక్కడో ఆగుతుంది, సబ్మిషన్ డేట్ మాత్రం కదలదు, మధ్యలో నలిగేది డ్రాయింగ్ గీసేవాడు. జ్యూరీకి మేలుకున్నప్పుడు డిజైన్ మీదే, అందుకే అది అలసటే తప్ప దడ కాదు.

సైట్‌ఫోన్:
అన్నా ఒప్పుకుంటా గానీ గంటల్ని అంత తేలిగ్గా తీసేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) కలిసి 2021లో లెక్క తీశాయి, వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకంటే, స్ట్రోక్ రిస్క్ 35 శాతం ఎక్కువని. డెడ్‌లైన్ వారంలో 55 అంటే మనకి గురువారానికే అయిపోతుంది.
ఇంకోటి ఎవరూ చెప్పరు, ఫీజు. కాన్సెప్ట్ దగ్గర ఒప్పుకున్న ఫిక్స్‌డ్ ఫీజులోనే ఏడో రివిజన్ కూడా చేయాలి, ఆ నష్టాన్ని ఆఫీసు జీతం లేని ఓవర్‌టైమ్‌తో పూడుస్తుంది. పైగా "ప్యాషన్ ఉండాలి" అని ఓ డైలాగు. నేను లీడ్ అయ్యాక చేసిన ఒకే మంచిపని, ప్రతి మార్పుకీ ఎవరు అడిగారు, ఏ తేదీ, ఎన్ని షీట్లు, ఎన్ని గంటలు అని రాసిపెట్టడం. దాన్ని ప్రిన్సిపాల్ (మా ఫర్మ్ హెడ్) మీటింగులో ముందు పెడితే క్లయింట్ ఫోన్‌లో చెప్పే మార్పులు సగం ఆగిపోయాయి. మిగతా సగానికి బిల్లు వేశాం.

సింక్‌అవట్లేదు:
సబ్మిషన్ రోజు సాయంత్రం ఆరింటికి అందరూ ఒకేసారి సెంట్రల్ మోడల్ (అందరి పనీ కలిసే ఒకే ఫైల్) సింక్ కొడతారు చూడండి, ఆ గిర్రున తిరిగే వృత్తం ముందు కూర్చోవడం కూడా ఈ లిస్టులో వేయండి. 😭

గీతలరాత:
థాంక్స్ అండి అందరికీ. సైట్‌ఫోన్ అన్న చెప్పిన షీట్ ఇవాళ మొదలుపెట్టా. ఫస్ట్ ఎంట్రీ ఆ టాయిలెట్టే, 11 షీట్లు, 19 గంటలు. వెనక్కి మార్చడానికి పట్టినవి కింద ఇంకో వరసలో రాశా.