లాప్రోస్కోపీ గొట్టాలకు బ్రష్ తప్పదా, సిరంజితో నీళ్లు కొడితే చాలదా?

ఓటీ_హనుమకొండ: ఎనిమిది నెలలుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌గా చేస్తున్నాను. లాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే గాల్‌బ్లాడర్ కేసు అయ్యాక, నెత్తురు పీల్చే సక్షన్ గొట్టం, ఆ రంధ్రాల్లో దించే ట్రోకార్లు కడగాలి కదా. సిరంజితో రెండుసార్లు నీళ్లు కొట్టి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టెయ్యమంటాడు మా సీనియర్. నేను చదువుకున్నదేమో లోపల బ్రష్ వెయ్యాలని. ఎవరిది కరెక్ట్?

పాతకాపు_వరంగల్: మీ సీనియర్‌దే. 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. 121 డిగ్రీల ఆవిరిలో ఏ పురుగు బతుకుతుంది తమ్మీ?

సీఎస్ఎస్‌డీ_అక్క: ఆవిరి తగిలితే చస్తుందన్నా, తగలాలి కదా! 5 మిల్లీమీటర్ల గొట్టంలో నెత్తురు ఎండి పొర కట్టిందంటే దాని కిందికి ఆవిరి పోదు. పైగా చిన్న ఆస్పత్రుల్లో ఎక్కువగా ఉండేవి కుక్కర్ లాంటి నిలువు ఆటోక్లేవ్‌లు, వాటికి ముందుగా గాలిని లాగేసే వాక్యూమ్ ఉండదు. గొట్టంలో గాలి అట్లాగే చిక్కుకుంటుంది. ముందు భాగాలన్నీ విడదీసి, నెత్తురును కరిగించే ఎంజైమ్ నీళ్లలో నానబెట్టాలి. సిరంజి పని అక్కడ, గొట్టం లోపల గాలిబుడగ లేకుండా నింపడానికి. తర్వాత సైజుకు సరిపోయే బ్రష్‌ను నీళ్లలో ముంచే ఉంచి, అవతలి కొస నుంచి బయటికి వచ్చేదాకా తొయ్యాలి. చివర్లో ఆర్‌ఓ నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. బోరు నీళ్లయితే తెల్ల చారలు పడతాయి.

పాతకాపు_వరంగల్: ఏ బ్రష్? మా దగ్గరున్న దానికి వెంట్రుకలు రాలిపోయి తీగ మిగిలింది. దాంతో రుద్దితే లోపల గీతలు పడవా?

సీఎస్ఎస్‌డీ_అక్క: అరిగితే మార్చాలి. అరిగిందని మానేస్తారా?

మంచిర్యాల_పోరడు: మా దగ్గర టూత్‌బ్రష్. నవ్వకండి.

పాతకాపు_వరంగల్: గీతల సంగతి ఎవరూ చెప్పరేం?

సర్జన్_జనగామ: గీతలు పక్కన పెట్టండి. నా పేషెంట్ ఒకాయన పత్తి రైతు. కుట్లు మానాక ఐదో వారంలో బొడ్డు దగ్గర గడ్డ లేచి చీము కారింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు, పరీక్షిస్తే ఎటిపికల్ మైకోబ్యాక్టీరియా, అంటే నీళ్లలో ఉండే టీబీ జాతి క్రిమి. నెలల తరబడి క్లారిత్రోమైసిన్ మింగాడు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలాల్సిన రోజుల్లో నా ఓపీ ముందు కూర్చున్నాడు. ఆయనకు ఆపరేషన్ జరిగిన చోట గొట్టాలను గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములను చంపే మందులో ముంచి కుళాయి నీళ్లతో కడిగేవాళ్లట. ఇది టెక్నీషియన్ల నిర్లక్ష్యం కాక మరేంటి?

పాతకాపు_వరంగల్: నిర్లక్ష్యమా సార్? రోజుకు ఆరు కేసులు, సెట్ ఒక్కటే. ఒక పేషెంట్‌ను బయటికి తీసి ఇంకొకరికి మత్తు ఇచ్చేలోపు నాకు దొరికేది ఇరవై నిమిషాలు. అందులో నానబెట్టేదెప్పుడు, బ్రష్ వేసేదెప్పుడు, ఆటోక్లేవ్ వేడెక్కేదెప్పుడు? అందుకే ఆ మందులో ముంచి ఇస్తాం. "సెట్ ఏదిరా" అని అరిచేది ఎవరు? పోయినేడు ఒక పేషెంట్‌కు చీము పట్టిందని నా జీతం కోశారు. రోజుకు అన్ని ఆపరేషన్లు పెట్టినోళ్లను ఒక్క మాట అనలేదు.

మంచిర్యాల_పోరడు: ఇదీ అసలు ముచ్చట.

సీఎస్ఎస్‌డీ_అక్క: మరి ఇందాకటి నుంచి సిరంజి చాలు, బ్రష్ గీతలు అని ఎందుకు వాదించావన్నా? టైం లేదంటే సరిపోయేది కదా. ఆ మందులో ఇరవై నిమిషాలు ముంచితే స్టెరిలైజ్ అయినట్టు కాదు, దానికి 10 గంటలు కావాలి. కడగకుండా ముంచితే నెత్తురు ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

పాతకాపు_వరంగల్: టైం లేదంటే "చేతకాదా" అంటారమ్మా. సిరంజి చాలంటే ఎవరూ ఏమీ అనరు.

సర్జన్_జనగామ: రెండో సెట్ కావాలని నేనూ రెండుసార్లు అడిగాను. ధర విని ఊరుకున్నారు. కేసులు మాత్రం తగ్గించుకోలేదు, అది నా తప్పే.

ఓటీ_హనుమకొండ: రాత్రి డ్యూటీలో కొత్త బ్రష్ ఒకటి దొరికితే, ఆటోక్లేవ్ అయి వచ్చిన సక్షన్ గొట్టంలోంచి తోసి చూశాను. తెల్ల గాజుగుడ్డ మీద టీపొడి లాంటి పొట్టు రాలింది. ఫోటో తీసి సీనియర్‌కు పంపాను. చూశాడు, జవాబు లేదు.

పాతకాపు_వరంగల్: ఆయనకెందుకు పంపినవ్? మేనేజ్‌మెంట్‌కు పంపు. కింద పేరు మాత్రం పెట్టకు తమ్మీ.