కెమెరా కళ్లద్దాలతోని బతుకమ్మకు వస్తనంటుండు, ఏం చేయాలె?

మాది హన్మకొండ. మా బావమరిది కొత్తగ కెమెరా కళ్లద్దాలు కొన్నడు. చూస్తే మామూలు చలువద్దాలే, కాడ మీద బటన్ నొక్కితే వీడియో మొదలు. రికార్డయితుంటే ఫ్రేము మూలకు చిన్న తెల్ల లైటు వెలుగుతది. మొన్న ఫంక్షన్‌ల ఎండకు అది ఎవ్వరికీ కనపడలే. సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుట్ట కాడికి గవే పెట్టుకొస్తడట. ఆడోళ్లు ఆడే కాడ గిదేం పని? గట్టిగ అందామంటే మా ఆవిడ తమ్ముడాయె, ఇంట్ల నాకే గొడవ.

2023 డేటా రక్షణ చట్టం చూస్తే సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునేది దాని కిందికి రాదని ఉన్నది. మరి ఇంకే చట్టం పనికొస్తది? వీడియోలు ఫోన్ల యాప్ నుంచి కంపెనీ సర్వర్లకు పోకుండ ఏ సెట్టింగ్ ఆపాలె? లైటు మీద స్టిక్కర్ అంటిస్తే గూడ రికార్డయితదా? వాడినోళ్లుంటే జర చెప్పుండ్రి.