చార్మినార్ గడియారాలను ఉంచాలా, తొలగించాలా?

ప్రశ్న:
చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. నాలుగు కమానుల పైన కనిపించే గడియారాలను దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత, 1889లో అమర్చారు. కుతుబ్ షాహీ కట్టడాన్ని అసలు రూపంలో చూడాలంటే వాటిని తీసి మ్యూజియంలో భద్రపరచడం మేలని నా అభిప్రాయం.

జవాబు:
“అసలు రూపం” అన్న మాటతోనే నాకు పేచీ. గడియారాలు వచ్చేనాటికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన నడుస్తోంది. ఇప్పటి కర్ణాటకలోని వాడి అనే ఊరి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలు వచ్చింది, నగరానికి గంటలతో, నిమిషాలతో పని పడింది. ఈ గడియారాలు వచ్చిన మూడేళ్లకు, 1892లో, చార్మినార్‌కు దగ్గరలోనే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కూడా లేచింది. నాలుగు దిక్కులకూ తెరుచుకున్న కట్టడం కనుక గుల్జార్ హౌజ్ వైపు నుంచి వచ్చినా, మక్కా మసీదు వైపు నుంచి వచ్చినా తలెత్తితే వేళ తెలిసేలా నాలుగు ముఖాలకూ నాలుగు గడియారాలు పెట్టారు. ఆ పని చేసినవారు చార్మినార్ తీరును బాగా గ్రహించారని నేను నమ్ముతాను. పైగా, ఒక కట్టడంలో అన్ని కాలాల వారు చేర్చిన విలువైన పనినీ గౌరవించాలనీ, శైలి ఒక్కటిగా ఉండటం పునరుద్ధరణ లక్ష్యం కాదనీ చారిత్రక కట్టడాల సంరక్షణపై 1964లో వచ్చిన అంతర్జాతీయ పత్రం, వెనిస్ ఒడంబడిక, స్పష్టంగా చెబుతోంది. ప్రాచీన కట్టడంగా లెక్కించడానికి మన 1958 చట్టం పెట్టిన వందేళ్ల గడువును ఈ గడియారాలు 1989లోనే దాటాయి.

ప్రశ్న అడిగినవారు:
2019 మే నెలలో గచ్చు పెచ్చు ఊడిపడిన సంగతి మరవకూడదు. పాత సున్నపు పనిపై అదనపు భారం ఎందుకు?

జవాబు:
మీ ఆందోళన న్యాయమైనదే, కానీ ఆ పెచ్చు ఊడింది ఒక మినార్ నుంచి. గడియారాలున్నది కమానుల పైన. వాటిని పెకలిస్తే మిగిలే గుంతలను ఈనాటి సున్నంతో పూడ్చాలి, అప్పుడు ఆ చోటు 1591 నాటిదీ కాదు, 1889 నాటిదీ కాదు. సందర్శకులు గడియారాలను కూడా కులీ కుతుబ్ షా కాలానివే అనుకుంటారన్నది మీ బాధ అయితే, రెండు సంవత్సరాలనూ తెలుగులో, ఉర్దూలో రాసిన పలకను లోపలికి వెళ్లే దారి దగ్గర పెట్టమని పురావస్తు శాఖను అడుగుదాం. ఆ వినతిపై మీతో పాటు నేనూ సంతకం చేస్తాను.