హాలీవుడ్‌లో లాటినా అమ్మాయంటే ఇంతేనా?

కావ్య_ఇర్వింగ్: అమెరికా కామెడీ సీరియల్ 'మోడర్న్ ఫ్యామిలీ' మళ్లీ మొదటి నుంచి చూస్తున్నా. అందులో కొలంబియా నుంచి వచ్చిన లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న ఆవిడ) గ్లోరియా కనిపిస్తే నవ్వాగదు, నిజమే. కానీ జోకుల్లో సగం ఆమె యాస మీద, సగం ఆమె ఒంటి మీద. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే కొలంబియా అమ్మాయి అసలు గొంతెత్తి మాట్లాడదు. ఆమెనీ "గ్లోరియాలా ఓసారి అను" అని అడుగుతారు. లాటినాలని వేరే రకంగా చూపించినవి ఏమైనా ఉన్నాయా?

పాతసినిమాల_పిచ్చోడు: ఇది ఇప్పటి రోగం కాదండి. 1939-43 మధ్య మెక్సికో నటి లూపే వెలెజ్‌తో 'మెక్సికన్ స్పిట్‌ఫైర్' సినిమాలు వరసగా తీశారు. అరుపులు, అలకలు, వచ్చీరాని ఇంగ్లిష్. 1961 'వెస్ట్ సైడ్ స్టోరీ' మరీ ఘోరం. ప్యూర్టోరికో పిల్ల మరియా వేషం తెల్లమ్మాయి నటాలీ వుడ్‌కి ఇచ్చారు. నిజంగా అక్కడే పుట్టిన రీటా మొరేనో ముఖానికేమో ముదురు రంగు పూశారు! మా వాళ్లలో అన్ని రంగుల వాళ్లూ ఉంటారు కదా అని రీటా అంటే, నీకే జాతి పిచ్చి ఉన్నట్టుందే అన్నాడట మేకప్ మనిషి. ఆ సినిమాకే ఆస్కార్ వచ్చాక కూడా ఆమెకు అలాంటి గ్యాంగు కథల్లో చిన్న వేషాలే వచ్చాయి.

రమ్య_హన్మకొండ: గ్లోరియాని అంత తీసిపారేయకండి. ఆ వేషం వేసిన సోఫియా వెర్గారాది కొలంబియాలోని బారంకియా, ఆ యాస ఆమె సొంతం. యాస వినగానే నవ్వొస్తే లోపం ఎవరిది? నాకు ఒళ్లు మండింది 2014 ఎమ్మీ టీవీ అవార్డుల్లో. టీవీ అకాడమీ పెద్దాయన ప్రసంగిస్తుంటే, పక్కన ఆమెని తిరిగే పీట మీద నిలబెట్టి షోకేసు బొమ్మలా తిప్పారు.

పాతసినిమాల_పిచ్చోడు: అది సరదా అని ఆమే అంది కదండీ.

రమ్య_హన్మకొండ: ఆమెకి సరదానే. రాసిచ్చినవాళ్లని అంటున్నా.

సీరియల్_అత్తయ్య: 'అగ్లీ బెట్టీ' సీరియల్ చూడు కావ్యా. పళ్లకి క్లిప్పులు, పెద్ద కళ్లద్దాలు, ఫ్యాషన్ పత్రికలో ఉద్యోగం, వలస కాగితాల్లేని నాన్న గురించి ఇంట్లో టెన్షన్. 2007లో బెట్టీగా చేసిన నటి అమెరికా ఫెరేరాకి ఎమ్మీ వచ్చింది. దీని మూలం 1999 నాటి కొలంబియా సీరియల్. మనం 2003లో చూసిన 'జస్సీ జైసీ కోయీ నహీ'కి కూడా అదే.

హ్యూస్టన్_గోపి: ఒక్క హాలీవుడ్‌నే అంటే ఎలా? స్పానిష్ సీరియల్స్‌లో కూడా హీరోయిన్ తెల్లగా ఉండాలి, ఆదివాసీ పోలికలున్న అమ్మాయైతే పనిమనిషి. మన దగ్గర తెలుగమ్మాయికి హీరోయిన్ ఛాన్స్ సంగతి ఇక ఎత్తను. 'రోమా' సినిమాతో మెక్సికోలోని ఒహాకాకి చెందిన ఆదివాసీ అమ్మాయి యాలిట్సా అపారిసియో 2019లో ఉత్తమ నటి ఆస్కార్ బరిలో నిలిస్తే, మెక్సికోలోనే ఓ నటుడు ఆమె జాతిని పట్టుకుని తిట్టిన వీడియో బయటపడింది.

కావ్య_ఇర్వింగ్: 'రోమా'లో కూడా పనిమనిషే కదా?

హ్యూస్టన్_గోపి: పనిమనిషే. కానీ కథ యజమానురాలిది కాదు, ఆమెది. గచ్చు కడగడం దగ్గర్నుంచి ఆమెతోనే ఉంటాం. కాస్త తేలికగా కావాలంటే 'వన్ డే ఎట్ ఎ టైమ్' సీరియల్ పెట్టుకోండి. క్యూబా మూలాలున్న తల్లి, మాజీ సైనికురాలు, నర్సు. అమ్మమ్మ వేషం రీటా మొరేనోదే. మూడు సీజన్లయ్యాక నెట్‌ఫ్లిక్స్ ఆపేస్తే నాలుగోది వేరే ఛానెల్‌లో వచ్చింది.