మా బాబుకు ఏడీహెచ్‌డీ అన్నారు, తీపి, పాలు, గోధుమ అన్నీ మానిపించాలా?

రాయగడ అమ్మ:
అందరికీ నమస్కారం. మాది రాయగడ. బాబుకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఒక్కచోట కూర్చోడు, నోట్సు సగం రాసి లేచిపోతాడు, పెన్సిలు రోజుకొకటి పోగొడతాడు. రెండు నెలల కిందట వైజాగ్ తీసుకెళ్ళి చూపిస్తే ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవని, కుదురు లేని సమస్య) అని చెప్పి పొద్దున వేయడానికి మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు. తిండి సంగతి అడిగే లోపే మా టైము అయిపోయింది. ఇంటికొచ్చాక అత్తగారేమో నువ్వు తీపి అలవాటు చేయబట్టే అంటున్నారు, ఆడపడుచు పాలు, గోధుమ రెండూ మానేయమంది, నేను కంగారులో పోయిన వారం అన్నీ ఒకేసారి ఆపేశాను. ఇప్పుడు వాడు మధ్యాహ్నం క్యారేజీ ముట్టకుండా తెస్తున్నాడు, మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి కిలో తగ్గాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నా వంట వల్లే వాడికిలా అయిందా?

గుణుపురం నాన్న:
చెల్లెమ్మా, ముందు ఆ ఆఖరి మాట మనసులోంచి తీసేయండి. ఇది వంట వల్ల వచ్చేది కాదు, చాలావరకు పుట్టుకతో, వంశంలో వచ్చేది. మా పాపకు పదకొండేళ్ళు, నాలుగేళ్ళుగా ఇదే దారిలో ఉన్నాం.

పంచదార గురించి మా ఇంట్లోనూ ఇదే గొడవ. 1994లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. మా పిల్లాడికి తీపి పడదు అని గట్టిగా నమ్మే తల్లుల్ని, వాళ్ళ ఐదు నుంచి ఏడేళ్ళ మగపిల్లల్ని తీసుకుని, పిల్లలందరికీ పంచదార లేని తీపి పానీయమే ఇచ్చారు. సగం మంది తల్లులకు మాత్రం మీ వాడికి పంచదార బాగా పట్టించాం అని చెప్పారు. ఆ తల్లులకే పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది, వాళ్ళే పిల్లల్ని ఎక్కువ తప్పుపట్టారు కూడా! అది చదివాక పాపతో నేనెలా మాట్లాడుతున్నానో గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. పళ్ళు పుచ్చకుండా, ఒంటి కోసం తీపి తగ్గించండి, ఈ జబ్బు కోసమని మాత్రం కాదు.

క్యారేజీ ముట్టకపోవడం చాలావరకు ఆ మాత్ర పనే, అది ఆకలి చంపేస్తుంది. మేం ఏడింటికల్లా చోడిపిండి (రాగిపిండి) జావ, గుడ్డు పెట్టి, తిన్నాకే మాత్ర వేస్తాం. మధ్యాహ్నం ఎంత తింటే అంతే, బలవంతం చేయం. సాయంత్రం మందు దిగాక విపరీతంగా ఆకలేస్తుంది, అప్పుడు బిస్కెట్లు కాకుండా పప్పన్నం, నెయ్యి సిద్ధంగా ఉంచుతాం. కిలో తగ్గిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, బరువు, ఎత్తు వాళ్ళు రాసుకుంటూ ఉండాలి.

బరంపురం డైటీషియన్:
పై అన్నయ్యగారు చెప్పింది నిజం. పాలు, గోధుమ, గుడ్డు అన్నీ తీసేసే పద్ధతి మీద పరిశోధనలు జరిగాయి, కొందరు పిల్లల్లో తేడా కూడా కనిపించింది, కానీ అది కొన్ని వారాలు మాత్రమే, డైటీషియన్ కళ్ళ ముందు చేసేది. ఇంట్లో ఎవరో చెప్పారని చేస్తే పిల్లాడు ఎండిపోతాడమ్మా. వెంటనే పాలు, రొట్టె తిరిగి మొదలుపెట్టండి.

రంగుల విషయం వేరు. 2007లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో మామూలు పిల్లలకే ఆరు కృత్రిమ రంగుల్లో కొన్ని, నిల్వ కోసం వేసే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చి చూస్తే కొందరిలో చలాకీతనం హద్దు దాటింది. ఆ ఆరు రంగులు వాడిన సరుకు మీద హెచ్చరిక ఉండాలని ఐరోపాలో 2010 నుంచి నియమం. తేడా చిన్నదే, అందరిలోనూ ఉండదు. అయినా రంగు తీసేస్తే పోయేదేమీ లేదు కాబట్టి ప్యాకెట్ వెనక 102, 110, 122, 124 అంకెలు వెతకండి, అవి మన దగ్గర అనుమతి ఉన్న రంగులే. జాతరలో అమ్మే రంగు మిఠాయిలు, ఐస్ గోలాల మీద ఆ చీటీ కూడా ఉండదు.

నేను ఎక్కువగా పట్టించుకునేది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైతే పిల్లాడు చిరాగ్గా, మనసు నిలపలేకుండా ఉంటాడు, ఉన్న ఏడీహెచ్‌డీకి అది తోడైతే ఇంకా కష్టం. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే పరీక్ష) చూపించండి. కానీ ఐరన్ మందు సొంతంగా కొనకండి, మన ప్రాంతంలో సికిల్ సెల్ (వంశంలో వచ్చే రక్తజబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, అది తేలకుండా ఇనుము పోస్తే ప్రమాదం. చేపల నూనెతో మేలు కొద్దిగానే. దొరికితే వారానికి రెండుసార్లు కానాగంతలో కవళ్ళో, అలాంటి చేపలు వండండి, చాలు.

పర్లాకిమిడి టీచర్:
ఒక్క మాట. పొద్దున టీ, రెండు బిస్కెట్లతో బడికి వచ్చే పిల్లలు పదకొండు దాటాక కిటికీ వైపే చూస్తుంటారు, జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా. మీరేం మార్చినా ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, రెండేసి వారాలు ఆగండి, ఏం తిన్నాడో ఎలా ఉన్నాడో నోటుబుక్కులో రాయండి. మీరేం మార్చారో క్లాసు టీచరుకు చెప్పకుండా, వాడు ఎలా ఉన్నాడో మాత్రం అడగండి, అప్పుడే నిజం తెలుస్తుంది.

రాయగడ అమ్మ:
చదువుతుంటే ఏడుపొచ్చింది. ఇందాకే గ్లాసు పాలిచ్చాను, మొత్తం తాగి ఇంకా ఉన్నాయా అన్నాడు. సోమవారం డాక్టరుగారికి ఫోన్ చేసి బరువు సంగతి చెప్పి, ఫెరిటిన్, సికిల్ పరీక్ష రెండూ అడుగుతాను. గుణుపురం అన్నయ్యా, జావలో బెల్లం వేయొచ్చా?

గుణుపురం నాన్న:
వేయండమ్మా. మేమూ వేస్తాం. ఉత్త జావ అయితే మా పాప మూతి కూడా పెట్టదు.