సి షార్ప్‌కి దించితే తీగ బుర్ర్‌మంటోంది: బర్మింగ్‌హామ్ పాటలకి ఏ తీగలు వెయ్యాలి?

భీమవరం_గిటార్:
కాలేజీ ఫెస్ట్‌కి బర్మింగ్‌హామ్ మెటల్ బ్యాండ్లు బ్లాక్ సబ్బాత్, జూడస్ ప్రీస్ట్‌ల పాటలు కలిపి వాయిద్దామనుకుంటున్నామండి. సబ్బాత్ ‘ఐరన్ మ్యాన్’ మామూలు ఇ ట్యూనింగ్‌లో (ఆరో తీగ ఇ స్వరంలో) బానే వస్తోంది. వాళ్లదే ‘ఇంటు ద వాయిడ్’ కోసం మూడు ఫ్రెట్లు (మెడ మీది లోహపు మెట్లు) కిందికి, అంటే సి షార్ప్‌కి, దించగానే అన్నిటికన్నా లావైన ఆరో తీగ మొదటి అయిదు ఫ్రెట్ల దగ్గర బుర్ర్‌మంటోంది. గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతోంది. తీగలు 10–46 (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), తీగలు ఆనే బ్రిడ్జ్ కదలని రకం. సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ సన్న తీగలే వాడాడు కదా, ఆయనకెలా కుదిరింది?

తణుకు_ఫ్రెట్:
సన్న తీగలు ఆయన వేళ్ల వల్ల వచ్చిన అవసరమండి. 1965లో, పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీ మెషీన్లో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్లు నొక్కేది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకున్నాడు. ఆ తొడుగుతో గట్టి తీగ వంగదు, ఎంత నొక్కామో వేలికి తెలీదు. సన్న సెట్లు దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బంలో సి షార్ప్‌కి దించడంతో తీగ ఇంకా మెత్తబడింది.

మూడు ఫ్రెట్లు దించితే బిగువు దాదాపు 30 శాతం పడిపోతుంది. పాత బిగువే కావాలంటే మందం 1.19 రెట్లు ఉండాలి, అంటే 12–54 సెట్. కొనేటప్పుడు మూడో తీగ చుట్టు లేనిదో (పైన సన్న తీగ చుట్టనిదో) కాదో చూసుకోండి, చుట్టు తీగైతే వంచడం కష్టం. 54 తీగ పాత నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడిలో కూర్చోదు. ట్యూన్ చేసేటప్పుడు టిక్‌మని శ్రుతి ఒక్కసారి దూకిందంటే గాడిలో ఇరుక్కున్నట్టే. వెడల్పు చేయించండి, లోతు మాత్రం పెంచనివ్వకండి. లోతైతే నొక్కని తీగే మొదటి ఫ్రెట్‌కి తగులుతుంది. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి.

కోనసీమ_బేస్:
తీగలు మార్చమనడం నాకు నచ్చలేదండి. ‘ఇంటు ద వాయిడ్’ రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలో) తీగ వదులుగా ఊగుతుంది చూశారూ, ఆ ఊపు 12–54 మీద రాదు. ముందు మెడ చూడండి. బిగువు తగ్గితే మెడ లోపలి ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీదే పైచేయి అయ్యి మెడ వెనక్కి వంగుతుంది. మీకు మొదటి అయిదు ఫ్రెట్ల దగ్గరే బుర్ర్‌మంటోందంటే నా అనుమానం దానిమీదే.

గిటార్‌ని సి షార్ప్‌లోనే ఉంచి, మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య పావు మిల్లీమీటరు సందు ఉండాలి, విజిటింగ్ కార్డు దూరేటంత. సందు లేకపోతే ఎలెన్ కీతో రాడ్‌ని గడియారానికి ఎదురుదిశలో ఎనిమిదో వంతు తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, గంట ఆగి చూడండి. ఒక్కరోజులో పావు తిప్పు దాటొద్దు. మన డెల్టాలో వానాకాలం తేమకి చెక్క మాట వినదు. ఏసీ గదిలో సర్ది ఆరుబయట స్టేజీ ఎక్కితే లెక్క మారిపోతుంది. ముందురోజు సాయంత్రం, వాయించే చోటే సర్దండి. పిక్ కూడా నెమ్మదిగా వెయ్యండి, వదులు తీగని కొడితే ఫ్రెట్లకి తగలక ఏం చేస్తుంది!

భీమవరం_గిటార్:
ప్రీస్ట్ పాటలు ఇ ట్యూనింగ్‌లోనండి. ఉన్నది ఒక్కటే గిటార్.

తణుకు_ఫ్రెట్:
అలాగైతే నా 12–54 మాట వదిలెయ్యండి. వాటిని ఇ దాకా బిగిస్తే ఇప్పటికన్నా 40 శాతం ఎక్కువ లాగుడు మెడ మీద పడుతుంది. 10–46తోనే కానివ్వండి. ఇ పాటలన్నీ ముందు, సి షార్ప్‌వి చివర. మధ్యలో అయిదు నిమిషాలు విరామం ఇవ్వండి. ప్రతి తీగనీ కావలసిన స్వరం కంటే కిందికి దించి, అక్కణ్ణుంచి పైకి బిగిస్తూ ఆపండి, జారదు.

ప్రీస్ట్ 1980 నాటి ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బం నుంచి ‘మెటల్ గాడ్స్’ వేస్తుంటే ఇంకోటి. మరమనుషుల అడుగుల చప్పుడుకి వాళ్లు చెంచాలూ ఫోర్కులూ ఉన్న ట్రే ఊపి రికార్డు చేశారు. వాళ్ల గిటారిస్టు గ్లెన్ టిప్టన్ ఆల్బం పేరే ఉన్న ఉక్కు కంపెనీలో పనిచేసినవాడు. క్యాంటీన్ స్టీలు ట్రేలో ఇరవై చెంచాలు వేసి, అడుగున తువ్వాలు పరిచి, మైకుకి జానెడు దూరంలో ఊపండి. తువ్వాలు లేకపోతే ట్రే గంటలా మోగి అడుగుల చప్పుడు విడివిడిగా వినపడదు.

భీమవరం_గిటార్:
రాడ్ ఎనిమిదో వంతు వదిలానండి. ఇప్పుడు బుర్ర్ మూడో ఫ్రెట్ నొక్కినప్పుడే వస్తోంది.

కోనసీమ_బేస్:
అయితే నాలుగో ఫ్రెట్ ఎత్తుగా ఉండొచ్చు. ఆరో తీగ కింద ఏటీఎం కార్డు పొడుగు అంచుని 3, 4, 5 ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపండి. ఊగితే నాలుగోదే. ముందు చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టి చూస్తారు, కూర్చోకపోతేనే ఆకురాయి. అది తెలిసినవాళ్ల చేతే చేయించండి.